మాటల మిషన్

ఆ ఏడాది బడులు తెరిచిన కొద్ది రోజులకు హైదరాబాదు నుంచి ఒక కంపెనీ మనిషి వచ్చి మా బడికి పది ఆటమిషన్లు ఇచ్చి వెళ్ళాడు. అరచేతిలో పట్టేంత ఉంటాయి. నీలం ప్లాస్టిక్ ఒళ్ళు, నాలుగు మీటలు, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన తెర. మీట నొక్కితే తెర మీద ఒక బొమ్మ వస్తుంది. బొమ్మ కింద ఖాళీ గళ్ళు, వాటి కింద కలగాపులగంగా కొన్ని అక్షరాలు. సరైన అక్షరాలు ఏరి గళ్ళు నింపితే లోపలి నుంచి ఒక ఆడగొంతు "శభాష్" అంటుంది. తప్పు నింపినా, అర నిమిషం దాకా ఏమీ నింపకపోయినా "తప్పు. మళ్ళీ ప్రయత్నించు" అంటుంది. ఇంకో ఆటలో మూడు బొమ్మలు చూపించి, కొన్ని వాక్యాలు ఇచ్చి, వాటిలోంచి ఏరి కథ పూర్తి చేయమంటుంది. పిల్లల మెదడు చురుకవుతుందని, భాష, ఊహ పెరుగుతాయని ఆయన చెప్పాడు. ఆడిన ప్రతి ఆటకూ మార్కులు మిషన్‌లోనే నమోదవుతాయి. నెలనెలా వాటిని చూసి నేను ఒక రిపోర్టు పంపాలి.

నేను అప్పుడు గూడూరు మండలంలో అడవి అంచున ఉన్న ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచరును. మానుకోటలో అద్దె గదిలో ఉండి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. పుట్టి పెరిగింది జనగామలో. జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ అప్పుడు ఒకటే వరంగల్ జిల్లా. మా బడి పిల్లలకు బొమ్మల పుస్తకాలే అంతంత మాత్రం. అలాంటి చోటికి మాట్లాడే మిషన్లు వచ్చేసరికి హెడ్మాస్టరుగారు వాటిని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే ఉంచుకున్నారు. పిల్లలు వాటికి మాటల మిషన్లని పేరు పెట్టారు.

మూడో తరగతిలో ఒక ఆడపిల్ల ఉండేది. వాళ్ళ నాయన ఊళ్ళోనే కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ. తల్లి లేదు. ఆ పిల్లను పసిగుడ్డప్పటి నుంచీ పెంచింది నాయనమ్మ. పిల్ల ఆమెను దాదీ అని, నాయనను బాబా అని పిలిచేది. ఇంట్లో వాళ్ళది ఉర్దూ, అదీ మన పక్క ఊళ్ళలో ముసల్మానులు మాట్లాడుకునే ఉర్దూ. బయట ఊరందరిలాగే తెలుగు. ఆ పిల్ల కథ మొదలుపెట్టిందంటే పక్క తరగతి పిల్లలు కూడా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడేవాళ్ళు. ఒకసారి ఒక బర్రె కథ చెప్పింది. దాని దుడ్డెదూడను ఎవరో కొనుక్కుని డోర్నకల్ తీసుకుపోతే, బర్రె మానుకోట స్టేషన్లో రైలెక్కుతుంది. టీసీ వచ్చి టికెట్ అడుగుతాడు. "టికెట్ లేదు సారూ, పాలున్నయి, పిండుకో" అంటుంది బర్రె. టీసీ తన టోపీ తీసి పాలు పిండుకుంటాడు. తరగతంతా పడి పడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆ పిల్లతో, "బాగా చెప్పావు గానీ, బర్రె అనకూడదు, గేదె అనాలి" అన్నాను.

అలా ఎందుకన్నానో చెప్పాలి. టీచరు ట్రైనింగులో మా బ్యాచిలో వేరే జిల్లాల వాళ్ళు ఎక్కువ. మొదటి రోజు నేను లేచి పేరు చెప్పి, "జనగామ నుంచి వచ్చిన" అనగానే వెనక బెంచీలో ఎవరో నా గొంతును అనుకరించారు. అందరూ నవ్వారు. ఆ ఏడాదంతా నేను పడుకునే ముందు పుస్తకంలో మాటలు పైకి చదువుకుంటూ నా మాటను మార్చుకున్నాను. ఉద్యోగంలో చేరాక తరగతిలో అచ్చు పుస్తకం మాటే మాట్లాడేదాన్ని. పిల్లలకు ఆ అవమానం ఎదురుకాకూడదనే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

అందుకే మిషన్ "తప్పు" అంటే నాకు తప్పుగానే కనిపించింది. బర్రె బొమ్మ వస్తుంది, అక్షరాల్లో బ లేదు, ర్రె లేదు. గే ఉంది, దె ఉంది. ఆ పిల్ల వేలు అక్షరాల మీద వెతుక్కుంటూ తిరిగేది. అర నిమిషం అయ్యేసరికి "తప్పు". పుంటికూర బొమ్మ, అక్షరాలు గోంగూరవి, "తప్పు". మిషన్‌కు మొక్కజొన్న, వెల్లుల్లి, చొక్కా అయినవి ఆ పిల్లకు మక్కకంకి, ఎల్లిగడ్డ, అంగి, అన్నీ అంతే. మిగతా పిల్లలు వారంలోనే మర్మం పట్టేశారు. బొమ్మను చూడకుండా అక్షరాలను చూసి, వాటితో ఏ మాట అవుతుందో లెక్క వేసి నింపేవాళ్ళు. ఆ పిల్ల మాత్రం బొమ్మనే చూసేది. కథల ఆటలో ఇంకా కష్టం. మిషన్ ఇచ్చిన వాక్యాలేవీ ఆమెకు నచ్చేవి కావు. "గీ కుందేలు బాయి కాడికి ఎందుకు పోయింది టీచర్? అది చెప్పకుండ కథ ఎట్ల అయితది?" అని నన్ను అడిగింది. "అందులో ఉన్నదే ఏరు" అన్నాను.

రెండు నెలల రిపోర్టుల్లోనూ అందరికన్నా తక్కువ మార్కులు ఆ పిల్లవే. రిపోర్టు కాగితం చివర "ప్రత్యేక శ్రద్ధ అవసరమైన విద్యార్థులు" అని ఒక గడి ఉండేది. రెండుసార్లూ ఆ గడిలో మొదటి పేరు ఆమెదే రాశాను. నా చేత్తోనే రాశాను. అంతటితో ఆగలేదు. మొదటి రిపోర్టు పంపగానే వాళ్ళ నాయనను బడికి పిలిపించాను. ఆయన మెడలో కొలతల టేపు వేలాడుతుండగానే వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడ్డాడు.

"పిల్ల తెలివైనదే. కానీ భాష వెనకబడింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడటం తగ్గించండి. ముఖ్యంగా మీ అమ్మగారు. పిల్లతో మంచి తెలుగే మాట్లాడమనండి" అని చెప్పాను.

"అట్లనే మేడం. మీరెట్ల చెప్తె గట్ల" అన్నాడు ఆయన. వెళ్ళేటప్పుడు నాకు నమస్కారం కూడా పెట్టాడు.

తక్కువ మార్కుల పిల్లలకు శనివారం మిషన్ ఇంటికిచ్చి సోమవారం తెప్పించుకోవచ్చని కంపెనీ వాళ్ళ నియమం. ఆ పిల్లకు ఇవ్వడం మొదలుపెట్టాను. మార్కులు పెరగలేదు. తరగతిలో ఆమె కథలు చెప్పడం మానేసింది. లేచి చదవమంటే గొంతు వినిపించేది కాదు. ఆటల గంటలో తోటిపిల్లలు ఆమె ఏమన్నా మిషన్ గొంతు పెట్టి "తప్పు, తప్పు" అనేవాళ్ళని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పట్లో మాత్రం ఆమె కుదురుకుంటోంది, శ్రద్ధ వస్తోంది అని నేను సంతోషించాను.

ఆ వానాకాలం చివర్లో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. టీచర్లం అందరం దిగాం. బస్సులు ఆగిపోయాయి. బడికి తాళం పడేనాటికి తొమ్మిది మిషన్లు బీరువాలో ఉన్నాయి, ఒకటి ఆ పిల్ల ఇంట్లో ఉండిపోయింది. నేను రోజూ ఎవరో ఒకరి బండి మీద గూడూరు వచ్చి సమ్మె శిబిరంలో కూర్చునేదాన్ని. ఒకరోజు ఒక పెద్దాయన మైకు పట్టుకుని భాష గురించి మాట్లాడాడు. "సినిమాలల్ల మన మాట ఎవనికి పెట్టిండ్రు? రౌడీకి పెట్టిండ్రు, జోకర్‌కు పెట్టిండ్రు. మనం నోరు తెరిస్తె నవ్విండ్రు. మన అవ్వ మాట తప్పని మనకే నేర్పిండ్రు" అన్నాడు. టెంటంతా చప్పట్లు. నేను అందరికన్నా గట్టిగా కొట్టాను. నాకు కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. ట్రైనింగులో వెనక బెంచీ నవ్వు గుర్తుకొచ్చింది. ఆ పిల్ల మాత్రం గుర్తుకు రాలేదు. ఇది రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మరో నాలుగు రోజులకు గూడూరు రోడ్డు మీద వంటావార్పు పెట్టాం. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, దారి ఆపడం. నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను. అంతలో ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ వచ్చి ఆగింది. డ్రైవరు తల బయట పెట్టి "దవాఖానకు, జర తొవ్వ ఇడువుండ్రి" అని అరిచాడు. జనం పొయ్యి రాళ్ళు పక్కకు జరిపారు. ఆటో నన్ను దాటుతుంటే లోపల ఆ దర్జీ కనిపించాడు. ఆయన ఒడిలో తల పెట్టి ముసలామె పడి ఉంది. కాళ్ళ దగ్గర ఆ పిల్ల.

నేను కత్తిపీట వదిలేసి ఆటో ఎక్కాను. ముసలామె నోరు ఒక పక్కకు వంకరపోయింది. కుడిచెయ్యి చచ్చుబడి వేలాడుతోంది. పక్షవాతం అని చూడగానే తెలిసింది. మానుకోట చేరేదాకా ఆ తండ్రి తల్లి తల ఒడిలోంచి జారకుండా పట్టుకునే ఉన్నాడు. ఆ పిల్లే నా చీరకొంగు పట్టుకుని అన్నది.

"బాబా దాదీని మాట్లాడకు మాట్లాడకు అన్నడు టీచర్. నాతోని మన మాట మాట్లాడితె నేను ఫెయిలైతనని చెప్పిండు. దాదీకి మీ అసొంటి తెలుగు రాదు. అందుకే రెండు నెలల సంది నాతోని ఏం మాట్లాడలే. అన్నం పెట్టేటప్పుడు సుత మాట్లాడలే. ఇగ ఇప్పుడు మొత్తానికే మాట పోయింది."

"దానివల్ల కాదు బిడ్డా. ఇది నెత్తుటి జబ్బు. ఎవరికైనా వస్తది" అన్నాను. డాక్టరు కూడా తర్వాత అదే చెప్పాడు. బీపీ పెరిగి మెదడులో నరం దెబ్బతిన్నదన్నాడు. అది నిజం. అయినా ఆ రెండు నెలలు ఆ ఇంట్లో ఆమె మాట్లాడకుండా ఉన్నది కూడా నిజమే. దానికి జబ్బు కారణం కాదు. నేను కారణం.

మానుకోట నుంచి వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకెళ్ళారు. పన్నెండు రోజులకు ప్రాణగండం దాటి ఇంటికొచ్చింది. కాలు కాస్త కదిలేది. మాట లేదు. ఏం అడిగినా "నై, నై" అనేది, అవునన్నా అదే, కాదన్నా అదే. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పాడట, బొమ్మలు చూపించి వాటి పేర్లు అడుగుతూ ఉండమని, అలా చేస్తే మాట తిరిగి రావచ్చని. ఆ మాట ఆ పిల్ల విన్నది.

నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి సమ్మె ఇంకా నడుస్తూనే ఉంది. పొద్దున పదింటి వేళ. దర్జీ అరుగు మీద గుడ్డ కత్తిరిస్తున్నాడు. లోపల నులక మంచం మీద ముసలామె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన ఆ పిల్ల, చేతిలో మాటల మిషన్. నన్ను చూసి భయంగా మిషన్ దాచబోయింది.

"ఏం కాదు, ఆడు" అన్నాను. గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

తెర మీద బర్రె బొమ్మ వచ్చింది. పిల్ల దాన్ని దాదీ కళ్ళ ముందు పెట్టింది. "గిదేంది దాదీ?" అన్నది. ముసలామె చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి. మాట లోపల ఎక్కడో ఉన్నట్టు, చేతికి అందనట్టు, ఆమె మొహంలో కష్టం కనిపిస్తోంది. మిషన్ అర నిమిషమే ఆగుతుంది. ఆడగొంతు "తప్పు" అనేలోపల ఆ పిల్ల మిషన్ వెనక ఉన్న చిన్న చిల్లుల మీద బొటనవేలు గట్టిగా ఒత్తిపెట్టింది. గొంతు లోపలే గొణిగి ఆగిపోయింది. ముసలామెకు వినిపించలేదు.

మళ్ళీ అదే బొమ్మ. మళ్ళీ అదే ప్రశ్న. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. ఆ పిల్లకు విసుగు లేదు. చివరికి ముసలామె నోట్లోంచి "బ... బై..." అని వచ్చింది.

"భైస్! సహీ హై దాదీ, సహీ!" అని ఆ పిల్ల మంచం మీదే ఎగిరింది. తర్వాత నా వైపు తిరిగి, చెప్పుకోవాల్సిన తప్పేదో చేసినట్టు, "నిన్న బర్రె అన్నది టీచర్. ఇయ్యాల భైస్ అన్నది. రెండు రైటే అన్న నేను. గేదె అని ఇంక వస్తలేదు. నేర్పిస్త" అన్నది.

"నేర్పించకు" అన్నాను. "రెండూ రైటే. మూడోది అక్కర్లేదు."

పిల్ల నా మొహం వైపు చూసింది. నమ్మాలో వద్దో తెలియని చూపు అది. ఆ చూపు నేను సంపాదించుకున్నదే.

ముసలామె దగ్గరికి వెళ్ళి మంచం పట్టె మీద కూర్చున్నాను. ఆమె ఎడమచెయ్యి పట్టుకున్నాను. నా వల్ల మీరు మాట్లాడటం మానేశారు, నన్ను క్షమించండి అని చెప్పాలనుకుని వచ్చాను. అక్కడ ఆ మాటలు రాలేదు. ఆమె నా చేతిని తన చెంపకు ఆనించుకుని "నై, నై" అన్నది. అవునని అన్నదో కాదని అన్నదో నాకు తెలియదు.

బయటికి వచ్చి అరుగు మీద తండ్రి దగ్గర కూర్చున్నాను. ఆయన కత్తెర ఆపాడు. "నేను మీకు చెప్పింది తప్పు" అన్నాను. "మీ ఇంట్లో మీ మాట మీరు మాట్లాడుకోండి. పిల్లకు ఏ లోపమూ లేదు. లోపం నా లెక్కలో ఉంది."

ఆయన కత్తిరించిన గుడ్డను మడతపెట్టాడు. తర్వాత తల ఎత్తకుండానే, "మీరు సదువుకున్నోళ్ళు, చెప్తె నిజమే అనుకున్న. మా అమ్మ నన్ను గడ్డం పట్టుకుని అడిగింది మేడం, నేనేం తప్పు మాట్లాడినరా అని. నువ్వు జర ఊకో అమ్మా అన్న. అది నేనన్న మాటనే గదా. మీరు అనలే" అన్నాడు. నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

సమ్మె ముగిసేదాకా రెండు మూడు రోజులకోసారి వాళ్ళింటికి వెళ్ళాను. మిషన్‌లో బొమ్మలు అయిపోయాయి. ఆ పిల్ల అట్టముక్కల మీద బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. మిషన్‌లో లేనివి, దాదీకి కావలసినవి: చిమ్ని దీపం, అన్నం వండే గంజు, తమలపాకు, వాళ్ళ నాయన కుట్టుమిషను, పుంటికూర తొక్కు. నేను వాటి వెనక పేర్లు రాశాను, పిల్ల చెప్పినట్టే రాశాను. దసరా దాటేసరికి ముసలామెకు ఓ ఇరవై మాటలు తిరిగొచ్చాయి. సగం ఉర్దూ, సగం తెలుగు. మనవరాలి పేరు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. వచ్చిన రోజున ఆ పిల్ల ఊరంతా తిరిగి చెప్పిందట.

బడి తెరిచాక ఒకరోజు కంపెనీ మనిషి మిషన్లు తీసుకుపోవడానికి వచ్చాడు. కోస్తా వైపు కుర్రాడు, మర్యాదస్తుడు. ఒక్కో మిషన్‌నూ తన కంప్యూటరుకు తగిలించి చూస్తూ, పదోది చూసి నుదురు చిట్లించాడు.

"మేడం, ఇది పాడైనట్టుంది. రోజుకు గంటలకొద్దీ ఆడారు. ఒక్క జవాబు కూడా లేదు. అన్నీ తప్పులే."

పాడవలేదని చెప్పాను. జరిగిందంతా చెప్పాను. అతను కంప్యూటరు మూసి విన్నాడు. విన్న తర్వాత నెమ్మదిగా, "గేదె దగ్గర బర్రె కూడా పెట్టడం మాకు ఒక పూట పని మేడం. అలా అంటారని మాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

నేను రెండు రిపోర్టులు పంపాను. పిల్లలు ఏ బొమ్మకు ఏ మాట అన్నారో వాటిలో ఒక్క ముక్క రాయలేదు. మార్కులే రాశాను. ఆ మాట అతనికి చెప్పాను. అతను వస్తాడని తెలిసి ముందు రాత్రంతా కూర్చుని రాసిన కాగితం ఒకటి అతని చేతికిచ్చాను. ఒక వరసలో మిషన్ మాటలు, ఎదురుగా మా పిల్లల మాటలు, ఆ గడిలో నేను రాసిన పేరు కొట్టేయమని చివర ఒక విన్నపం. తప్పకుండా ఇస్తానన్నాడు. ఇచ్చాడనే అనుకుంటాను. కంపెనీ నుంచి జవాబు రాలేదు, మిషన్లు మళ్ళీ రాలేదు.

ఆ పిల్ల నాలుగో తరగతికి వచ్చేనాటికి మళ్ళీ నలుగురిలో మాట్లాడేది గానీ, కథ చెప్పమంటే ముందు నా మొహం చూసేది. ఆ చూపు పూర్తిగా పోలేదు. నాలుగు అయ్యాక వాళ్ళ కుటుంబం భూపాలపల్లి వెళ్ళిపోయింది. అక్కడ బొగ్గు గనుల కాలనీ దగ్గర కుట్టుపని బాగా దొరుకుతుందని ఎవరో చెప్పారట. నేనూ జనగామ వైపు బదిలీ అయ్యాను.

రాష్ట్రం వచ్చిందని తెలిసిన సాయంత్రం జనగామ చౌరస్తాలో జనం రంగులు చల్లుకుంటున్నారు. నా మొహం నిండా గులాలు. నాకెందుకో ఒక పక్కకు వెళ్ళి ఆ దర్జీకి ఫోన్ చేయాలనిపించింది. ఆయన సంతోషంగా పలకరించాడు. అక్కడ కూడా పటాకులు కాలుస్తున్నారని చెప్పాడు. అమ్మ ఎట్లుంది అని అడిగాను.

"లేదు మేడం. మొన్న రంజాన్ నెలల పోయింది" అన్నాడు. "పోయేదాక మాట్లాడింది. అదొక్కటి నిమ్మలం."

ఫోన్ కూతురికి ఇచ్చాడు. గొంతు పెద్దదయింది. మొదట "బాగున్నరా టీచర్" అని ఊరుకున్నది. దాదీ ఏం మాట్లాడేదని అడిగాను. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. చివరి రోజుల్లో దాదీ కిటికీ దగ్గర కూర్చుని గనికి పోయేవాళ్ళను చూస్తూ ఒక్కొక్కరికీ ఒక పేరు పెట్టేదట. ఒకాయన నల్లమేక, ఒకాయన బొగ్గుపెళ్ళికొడుకు. వాళ్ళ మీద సగం మాటలతో ఏదో చెప్తుంటే, మిగతా సగం తను చెప్పేదట. ఆ పిల్ల ఉర్దూలో కొంత, తెలుగులో కొంత, ఎక్కడా ఆగకుండా చెప్తూ పోయింది. చౌరస్తాలో డప్పులు మోగుతున్నాయి. నేను ఒక చెవి మూసుకుని, బందు చేసి ఉన్న ఒక దుకాణం మెట్ల మీద కూర్చుని, ఆమె చెప్పడం అయిపోయేదాకా విన్నాను.